రాజీనామాకు ముందు బండి లెక్క: ఏ ఇంధనం ఎవరికి

ఆఫీసు మీద విరక్తి పుట్టినవాళ్ళు రాజీనామా ఉత్తరం కంటే ముందు చూసేది బండి బొమ్మలు. మీటింగులో కెమెరా ఆపేసి, పక్క ట్యాబులో వ్యాన్ల మైలేజీ పోల్చుకుంటూ కూర్చునేవాళ్ళు తక్కువేం కాదు. సొంతంగా సరుకు చేరవేద్దామనో, ఇంటింటికీ వెళ్ళి రిపేర్లు చేద్దామనో, నాలుగు నెలలు రోడ్ల మీద తిరిగొద్దామనో, ఆలోచన ఏదైనా మధ్యలో ఒక బండి ఉంటుంది. అక్కడ జరిగే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే. ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళొస్తున్న దారిని మనసులో పెట్టుకుని ఇంధనం ఎంచుకుంటారు. ఉద్యోగం మానేశాక ఆ దారే ఉండదు.

బ్రోషరులో మైలేజీ అంకె చివర్లో చూసుకోవచ్చు. రేపటి నుంచి ఆ బండి రోజంతా ఏం చేస్తుందో ముందు కాగితం మీద పెట్టండి.

నాలుగు వారాల చిట్టా

ఒక నోటుబుక్కు తీసుకుని ఎడమ పేజీలో నాలుగు వారాల పాటు ఇప్పటి ప్రయాణాలు, కుడి పేజీలో మానేశాక చేయబోయేవి రాయండి. ప్రతి ప్రయాణానికీ ఐదు సంగతులు చాలు: ఎన్ని కిలోమీటర్లు, ఇంజన్ చల్లగా ఉండగా మొదలైందా వేడిగా ఉండగానా, బండి ఆగి ఉన్నా ఇంజన్ ఎంతసేపు తిరిగింది, ఎంత బరువు ఎక్కింది, ఆ రాత్రి బండి ఎక్కడ నిలిచింది.

కుడి పేజీని ఊహించి నింపితే ఉపయోగం లేదు. మూడు రోజులు సెలవు పెట్టి, మీరు కొనాలనుకుంటున్న రకం బండినే అద్దెకు తీసుకుని, చేయబోయే పనిని నిజంగా చేసి చూడండి. విసుగు ఉద్యోగం మీదా, లేక రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చోవడం మీదా అన్నది కూడా ఆ మూడు రోజుల్లో కొంత తేలుతుంది. రెండోదే అయితే ఇంటికి దగ్గర్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం చాలా చవక.

రోజుకు 60 కిలోమీటర్లు అని రాసి వదిలేయకండి. ఒకే ఊపున తిరిగే 60 వేరు, పన్నెండు చోట్ల ఆగుతూ ఐదేసి చొప్పున తిరిగే 60 వేరు. మొదటిదానికి డీజిల్ చక్కగా సరిపోతుంది. రెండోదాన్ని కొత్త తరం డీజిల్ బండితో చేస్తే కొన్ని నెలలకే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. ఇంకో మాట: ఇంధనం అలవెన్సు, క్యాబు, పార్కింగు లాంటివి కంపెనీ భరిస్తుంటే అవి మీ చిట్టాలో ఖర్చుగా కనపడవు. కుడి పేజీలో అవన్నీ మీ జేబులోవే.

డీజిల్: దూరం పోయేవాళ్ళకే

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే, లీటరు డీజిల్లో 36 దాకా ఉంటుంది. దానికి తోడు డీజిల్ ఇంజన్ గాలిని ఎక్కువ ఒత్తిడికి నొక్కుతుంది కాబట్టి అదే శక్తి నుంచి ఎక్కువ పని రాబట్టుకుంటుంది. బరువు వేసుకుని హైవే మీద గంటల తరబడి పోయే బండికి డీజిల్ అందుకే లాభం.

ఇబ్బందంతా పొగగొట్టం దారిలో ఉండే మసి వడపోతతోనే. దీన్నే డీపీఎఫ్ అంటారు. ఇంజన్ వదిలే మసిని పట్టుకోవడం దీని పని. పట్టుకున్న మసిని అప్పుడప్పుడు తనే కాల్చేసుకోవాలి. హైవే మీద పొగ బాగా వేడెక్కి ఉంటుంది కాబట్టి కొంత మసి దానంతట అదే కాలిపోతూ ఉంటుంది. అది చాలనప్పుడు కంప్యూటరు కాస్త అదనపు డీజిల్ చిమ్మి, వడపోతను 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు తీసుకెళ్ళి కాలుస్తుంది. దానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో నిలబడి ఉన్నా ఇంజన్ చుట్లు కొద్దిగా పెరుగుతాయి, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఇంజన్ ఆపాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటే, పని మధ్యలో ఆపేశారని అర్థం.

ఐదు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే బండిలో ఈ పని ఎప్పటికీ పూర్తవదు. చిమ్మిన డీజిల్ కాలక సిలిండరు గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. అందుకే ఇలాంటి బండికి వారానికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) తీసి చూడాలి. ఆయిల్ తగ్గిందా అని చూడటం అందరికీ తెలుసు. ఇక్కడ పెరిగిందా అని చూడాలి. గుర్తు దాటి పైకి వచ్చి, వేళ్ళ మధ్య పలచగా జారుతూ, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లతో పని లేకుండా వెంటనే మార్పించండి. పలచబడిన ఆయిల్ ముందు టర్బోనూ, ఆ తర్వాత బేరింగులనూ తింటుంది.

పసుపు దీపం వెలిగితే ఆ రోజే ఖాళీ రోడ్డు ఎక్కి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఒక గేరు తక్కువలో నిమిషానికి 2000 చుట్లకు పైన ఉంచి 20 నిమిషాలు ఆగకుండా నడపండి. ట్యాంకులో కనీసం పావు వంతు ఇంధనం ఉండాలి, అంతకు తక్కువుంటే చాలా బండ్లలో కాల్చే పని మొదలే కాదు. దీపాన్ని పట్టించుకోకపోతే బండి తన శక్తిని తనే తగ్గించేసుకుంటుంది. ఆపైన మెకానిక్ కంప్యూటరు తగిలించి బలవంతంగా కాల్పించాలి, అదీ కుదరకపోతే వడపోతే మార్చాలి. వ్యాన్లో ఏసీ వేసుకుని ఇంజన్ ఆపకుండా నిద్రపోదామనుకునేవాళ్ళకూ ఇదే హెచ్చరిక. నిలబెట్టి తిప్పే ఇంజన్ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది, మసి పెరుగుతుంది, పొగ మాత్రం వేడెక్కదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే ప్రాణానికే ముప్పు.

వడపోతలో మసి కాకుండా బూడిద కూడా చేరుతుంది. అది ఇంజన్ ఆయిల్లోని రసాయనాల నుంచి వస్తుంది, ఎంత వేడికీ కాలదు. అందుకే మాన్యువల్లో చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ తప్ప ఇంకోటి పోయకండి. డబ్బా మీద ఏసీఈఏ సీ తరగతి గుర్తు కోసం చూడండి, సీ2నా సీ3నా అన్నది మాన్యువల్ చెబుతుంది.

యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం పోయాల్సిన బండి అయితే దాని ఖర్చు వేరే. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. తాగిన డీజిల్లో 2 నుంచి 6 శాతం దాకా ఇదీ ఖర్చవుతుంది. అది పూర్తిగా అయిపోయాక ఇంజన్ ఆపితే చాలా బండ్లు మళ్ళీ స్టార్ట్ కావు. మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కానీ దానికి హీటరు ఉంటుంది, భయం లేదు. చలిలో భయపడాల్సింది డీజిల్ గురించే. అందులోని మైనం తేలి ఫిల్టరు మూసుకుపోతుంది. వెచ్చని చోట నింపుకుని మంచు కొండలెక్కేవాళ్ళు, ట్యాంకు సగం ఖాళీ అయ్యేలా వెళ్ళి, పైన దొరికే చలికాలపు డీజిల్‌తో ఆ రాత్రి లోపే నింపుకోవాలి. నింపాక ఓ పది కిలోమీటర్లు నడిపితేనే పైపుల్లోకి, ఫిల్టర్లోకి కొత్త డీజిల్ చేరుతుంది.

పెట్రోలు: ఆక్టేన్ అంకెకు అర్థం

చిన్న చిన్న ప్రయాణాలు, రోజులో పదిసార్లు ఆపి తీయడం, నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు. మీ కుడి పేజీ ఇలా ఉంటే పెట్రోలుతో తలనొప్పి తక్కువ.

ఆక్టేన్ అంకె ఇంధనం బలాన్ని చెప్పదు. నిప్పురవ్వ రాకముందే ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెబుతుంది. ఐసో ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకుని, ఒంటి సిలిండరు ఇంజన్లో పోల్చి ఇచ్చే మార్కు అది. చాలా దేశాల్లో బంకు మీద రాసేది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) అంకె. అమెరికా, కెనడాల్లో మాత్రం రెండు పరీక్షల సగటు రాస్తారు కాబట్టి అదే పెట్రోలుకు అంకె నాలుగైదు తక్కువ కనిపిస్తుంది. అక్కడి 87, ఇంకోచోట 91 లేదా 92తో సమానం. దేశాలు దాటి తిరిగేవాళ్ళు ఈ తేడా తెలియక ఖరీదైన పెట్రోలు పోయించుకుంటుంటారు.

ట్యాంకు మూత లోపలి వైపు చూడండి. కనీసం 91 అని ఉంటే 95 పోయించినా బండికి ఒరిగేదేమీ లేదు. 95 తప్పనిసరి అని ఉంటే 91 పోయకండి. టర్బో ఉన్న ఇంజన్లలోనూ, కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకె) 11కు మించినవాటిలోనూ ఇలా రాసి ఉండటం ఎక్కువ. 95 మంచిది, 91 అయినా నడుస్తుంది అని ఉన్నప్పుడే మీరు తేల్చుకోవాల్సింది. అలాంటప్పుడు ఒక్కో రకం రెండేసి ట్యాంకులు నడపండి. మొదటి ట్యాంకు కంప్యూటరు అలవాటు పడటానికి, రెండోది లెక్కకు. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగేదాకా నింపించి, అదే దారిలో 300 కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అక్కడే నింపించి, పట్టిన లీటర్లతో భాగించండి. ధర 8 శాతం ఎక్కువై మైలేజీ 3 శాతమే పెరిగితే 5 శాతం నష్టం. బంకు మీది మెరుపు పేర్లు ఎలా పుడతాయో, అలాంటి స్లైడ్లు తయారుచేసి విసిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

తక్కువ ఆక్టేన్ పోస్తే ఎలా తెలుస్తుంది? ఎత్తు ఎక్కుతూ, పెద్ద గేర్లో తక్కువ వేగంతో ఉండి యాక్సిలరేటరు తొక్కినప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపిన చప్పుడు వస్తుంది. నాకింగ్ అంటే అదే. వెంటనే గేరు దించి, కాలు తేలిక చేయండి. కొత్త బండ్లలో దీన్ని పసిగట్టే సెన్సరు నిప్పురవ్వను ఆలస్యం చేసి ఇంజన్ను కాపాడుతుంది, బదులుగా పిక్‌అప్ మందగిస్తుంది. సరైన పెట్రోలు పోశాక కూడా చప్పుడు ఆగకపోతే తప్పు ఇంధనంలో లేదు. కార్బన్ పేరుకోవడం, తప్పు స్పార్క్ ప్లగ్గు, ఇంజన్ అతిగా వేడెక్కడం, ఈ మూడూ చూపించండి.

ఉద్యోగం మానేసినవాళ్ళకు పాత వ్యాన్ల మీద మోజు కాస్త ఎక్కువ కాబట్టి ఇదొకటి. సీసం కలిపిన పెట్రోలు 2021లో అల్జీరియా ఆపేయడంతో రోడ్డు బండ్లకు ప్రపంచంలో ఎక్కడా బంకుల్లో దొరకడం లేదు. సీసం ఉన్న రోజుల్లో తయారైన కొన్ని ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటు మెత్తటి ఇనుముతో ఉంటుంది. సీసం పూత లేక అది అరుగుతుంది. సర్వీసు చేయించిన ప్రతిసారీ వాల్వు సందు తగ్గిపోతూ వస్తుంటే, సిలిండరు హెడ్ విప్పి గట్టి రింగులు వేయించాల్సిందే. కొనేముందే ఆ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

ఈ10 అంటే పదో వంతు, ఈ20 అంటే ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్లో లీటరుకు 21 మెగాజౌళ్ళే ఉంటాయి కాబట్టి శక్తి ఈ10లో 3 శాతం, ఈ20లో 7 శాతానికి కొంచెం అటూ ఇటూగా తగ్గుతుంది. దానికని తయారైన బండికి ఇంతకు మించి బెంగ లేదు. పాత కార్బురేటరు బండికి మాత్రం రెండు తంటాలు. రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, గాలి పాలు ఎక్కువై ఇంజన్ వేడెక్కుతుంది.

అసలు చిక్కు నిలబెట్టిన బండిలో వస్తుంది. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. ఈ10 తనలో సుమారు అర శాతం నీటిని ఇముడ్చుకోగలదు. అది దాటితే నీళ్ళూ ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు పీల్చుకునేది ఆ అడుగు నుంచే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ కూడా తగ్గిపోయి ఉంటుంది. బండిని ఊపితే కలుస్తుందని కొందరు చెబుతారు, కలవదు. మొత్తం వంపేయాలి.

పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత పెట్టి బాగా కలిపి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనిచ్చి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్ళలోకి దిగుతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. 19 దగ్గరికి వస్తే 90లో 9, అంటే పది శాతం ఉన్నట్టు. ఇది ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పని.

గ్యాసు

రోజూ ఒకే ప్రాంతంలో తిరిగి, దారిలో గ్యాసు బంకు ఉన్నవాళ్ళకే ఇది. కిలో సీఎన్‌జీ దాదాపు లీటరున్నర పెట్రోలు పని చేస్తుంది. కానీ 200 బార్ ఒత్తిడికి నింపినా 60 లీటర్ల సిలిండరులో పట్టేది తొమ్మిది కిలోల చుట్టూనే, పైగా సామాను చోటు పోతుంది. పెట్రోలు ఇంజన్లో గ్యాసు వాడితే శక్తి పదో వంతు దాకా తగ్గుతుంది, ఎత్తుల మీద తెలుస్తుంది. ఎల్పీజీ లీటర్లలో పెట్రోలు కంటే 20 నుంచి 25 శాతం ఎక్కువ తాగుతుంది, ట్యాంకు 80 శాతానికి మించి నింపరు. కారితే సీఎన్‌జీ పైకి పోతుంది, ఎల్పీజీ బరువుగా నేల మీదే పరుచుకుంటుంది. నేలమాళిగ పార్కింగుల్లో ఎల్పీజీ బండ్లను కొన్నిచోట్ల రానివ్వకపోవడానికి కారణం అదే. రెండింటికీ పెట్రోలు ట్యాంకులో ఎప్పుడూ కొంత తాజా పెట్రోలు ఉంచి, వారానికి ఒక పది కిలోమీటర్లు దాని మీద నడపాలి.

కరెంటు బండి

ఇక్కడ తీర్పు చెప్పేది నోటుబుక్కులోని చివరి గడి, రాత్రి బండి ఎక్కడ నిలుస్తుంది అన్నది. అక్కడ ప్లగ్గు ఉంటే, రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్ళకు దీనికి మించిన లెక్క లేదు. కారు వంద కిలోమీటర్లకు 15 నుంచి 20 యూనిట్లు తీసుకుంటుంది. చార్జింగులో పోయే పదో వంతు కూడా కలుపుకోండి. మామూలు 2.3 కిలోవాట్ల ప్లగ్గు మీద పది గంటలు పెడితే బ్యాటరీలోకి 20 యూనిట్లు చేరతాయి, అంటే వంద కిలోమీటర్ల పైచిలుకు.

ప్లగ్గు లేక ప్రతిసారీ ఫాస్ట్ చార్జరు మీద ఆధారపడేవాళ్ళ లెక్క తారుమారవుతుంది. యూనిట్ ధర ఎక్కువ, 80 శాతం దాటాక వేగం బాగా పడిపోతుంది, ఆ ఎదురుచూపు మీ పని గంటల్లోంచి పోతుంది. బ్యాటరీ ఏ రకమో అడగండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే అప్పుడప్పుడు 100 దాకా నింపడమే మంచిది, ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అయితే రోజువారీ 80 దగ్గర ఆపండి. నెల రోజులు నిలబెట్టేటట్టయితే సగం చార్జి వదిలి వెళ్ళండి. చాలాసార్లు బండిని మొరాయింపజేసేది పెద్ద బ్యాటరీ కాదు, పక్కనున్న చిన్న 12 వోల్టులది.

ఎన్ని కిలోమీటర్లకు గిట్టుతుంది

డబ్బులో కాకుండా లీటర్లలో లెక్క వేస్తే ధరలు మారినా పద్ధతి మారదు. డీజిల్ బండి ధర పెట్రోలుదాని కంటే 1,500 లీటర్ల ఇంధనం విలువంత ఎక్కువనుకుందాం. రెండింటి లీటరు ధర ఒకటే అనుకుందాం. పెట్రోలుది వంద కిలోమీటర్లకు 6.5, డీజిల్‌ది 5 లీటర్లు తాగితే మిగిలేది వందకు 1.5 లీటర్లు. 1,500ను 1.5తో భాగించి వందతో గుణిస్తే లక్ష కిలోమీటర్లు. రోజూ 40 చొప్పున నెలకు 22 రోజులు ఆఫీసుకు తిరిగే మనిషికి ఏడాదికి 10,560 అవుతుంది, గిట్టడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. నెలకు 2,500 సరుకు తిప్పే మనిషికి మూడేళ్ళ నాలుగు నెలలు చాలు. హైబ్రిడ్‌కూ ఇదే లెక్క వేయండి, కానీ దాని ఆదా ఆగి ఆగి సాగే ఊరి రోడ్ల మీదే ఎక్కువ, హైవే మీద చాలా తక్కువ.

కొత్త పనిలో మొదటి ఏడాది అనుకున్నంత తిరగడం అరుదు. కుడి పేజీలోని కిలోమీటర్లను మూడింట రెండొంతులకు తగ్గించి లెక్క వేసినా గిట్టితేనే ఆ బండి తీసుకోండి.

కొన్నాక

పొద్దున్నే పోయిస్తే ఎక్కువ వస్తుందనే మాట పట్టించుకోకండి. పెట్రోలు డిగ్రీకి వెయ్యింట ఒక వంతు వ్యాకోచించే మాట నిజమే, కానీ బంకు ట్యాంకు నేల కింద ఉంటుంది, రోజులో దాని వేడి పెద్దగా మారదు. నాజిల్ ఆగాక ఇంకా కుక్కిస్తే మాత్రం నష్టం ఉంది. ఆవిరి పట్టుకునే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు దిగి అది పాడవుతుంది. నిలబెట్టబోయే పెట్రోలు బండి ట్యాంకు నిండుగా ఉంచండి, మూడు నెలలు దాటితే పాతదాని మీద కొత్త పెట్రోలు పోసి నడపండి. డీజిల్ బండికైతే ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేసి నీళ్ళు వదలండి, లేదంటే నీళ్ళూ డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది.

ఏళ్ళ తరబడి పెట్రోలు కారు నడిపి డీజిల్ వ్యాన్‌కు మారినవాళ్ళ చెయ్యి మొదటి నెలలో అలవాటుగా పెట్రోలు నాజిల్ మీదికే పోతుంది. పెట్రోలు నాజిల్ 21 మిల్లీమీటర్లు, డీజిల్‌ది దాదాపు 25. సన్నది వెడల్పు మెడలోకి హాయిగా దూరిపోతుంది కాబట్టి డీజిల్ బండి మిమ్మల్ని ఆపదు. తప్పు తెలిసిన క్షణంలో తాళం చెవి తిప్పకండి, దీపాలు వెలిగేదాకా కూడా. అంతమాత్రానికే ట్యాంకులోని పంపు తిరిగి పెట్రోలును ముందుకు తోస్తుంది. 2000 బార్ ఒత్తిడి పుట్టించే పంపుకు డీజిలే నూనె, పెట్రోలు తగిలితే ఇనుము ఇనుమును గీరి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. డీజిల్ ట్యాంకులో యాడ్‌బ్లూ పోసినా ఇంతే చేటు. న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించి, ట్యాంకు వంపించండి. మెకానిక్‌కు మూడు సంగతులు ఉన్నదున్నట్టు చెప్పండి: ఎన్ని లీటర్లు పడింది, ట్యాంకులో అప్పటికే ఎంతుంది, తాళం తిప్పారా లేదా. పంపూ ఇంజెక్టర్లూ విప్పాలా, ట్యాంకు కడిగితే చాలా అన్నది ఆ మూడో జవాబును బట్టే ఉంటుంది.